సర్వర్లు: పలుకు దోషము, పలుకని దోషము

నేడు బ్యాంకు ఖాతా మొదలు ఆసుపత్రి చీటి వరకు మన విషయములెన్నో ఎచ్చటనో యొక సర్వరులో భద్రమై యుండును. అట్టి సర్వర్లలో పెక్కు లినక్స్ అను వ్యవస్థపై నడచుచున్నవి. భద్రతాలోపములను పూడ్చుటకై ఆ వ్యవస్థను అప్పుడప్పుడు నవీకరింపక తప్పదు. కాని నవీకరణము జరిగిన మరునాడే, నిన్నటివరకు కనబడిన పుట కనబడకపోవచ్చును. అప్పుడు దోషమును కనుగొను విధమెట్టిదో కొంత విచారింతము.

తొందరపడి ఒక్కమారు పది మార్పులు చేయరాదు. నాడి చూచిన పిదపనే గదా వైద్యుడు మందిచ్చును! వెబ్ సర్వరు పుటను అందించును; డేటాబేసు సర్వరు లెక్కలను దాచి, అడిగినప్పుడు తీసి యిచ్చును. ఈ రెంటిలో ఏది నిలిచిపోయినదో 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' అను ఆజ్ఞ తెలుపును. ఏల నిలిచినదో లాగ్ అనబడు చిట్టా తెలుపును. తెరపై వచ్చు సంఖ్యయు ఆధారమే. 403 అనిన సర్వరు మేలుకొనియే యున్నది గాని అనుమతి నిరాకరించినది. 404 అనిన అడిగిన పుట దొరకలేదు. 500 అనిన లోపలి కార్యక్రమమేదో చెడినది.

2014 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 14.04 ను ఉదాహరణముగా గైకొందము. 12.04 నుండి దానికి మారినవారి అపాచీ వెబ్ సర్వరు 2.2 నుండి 2.4 అయినది. క్రొత్త అమరికలో 'డాట్ కాన్ఫ్' అను తోక గల సైటు ఫైళ్లనే సర్వరు చదువును. పాత ఫైలునకు ఆ తోక లేకున్న, సొంత పుటకు మారుగా అపాచీ స్వాగతపుట ప్రత్యక్షము కావచ్చును. అనుమతులను తెలుపు 'ఆర్డర్', 'అలౌ' అను మాటల స్థానమున 'రిక్వైర్' వచ్చినది. పాత క్రొత్త పద్ధతులు కలగలిసినచోట 403 ఎదురుకావచ్చును. ఫైలు చెడలేదు, చదువు నియమము మారినది. ఇవి పలుకు దోషములు. వెంటనే తెలియును గనుక వెంటనే సరిదిద్దవచ్చును.

పలుకని దోషము ఇంతకంటె ప్రమాదకరము. క్షకారమును కకారము క్రింద చేర్చు నిఘంటువులు కలవు. వర్ణమాల తుదను చేర్చు పద్ధతియు కలదు. మొదటి విధమున కూర్చిన నిఘంటువులో రెండవ విధము మాత్రమే తెలిసినవాడు 'క్షమ'ను వెదకెననుకొందము. పుటలన్నియు ఉన్నను మాట లేదనును.

డేటాబేసునకు సరిగా ఇట్టి చిక్కే వచ్చినది. లినక్స్‌లో అక్షరక్రమమును నిర్ణయించునది జీలిబ్‌సీ అను గ్రంథాలయము. 2018 ఆగస్టున వచ్చిన దాని 2.28 వ కూర్పులో ఆ క్రమము మారినది. 2019 జూలైలో విడుదలైన డెబియన్ 10 లో ఈ కూర్పే యున్నది. అమెరికా ఆంగ్ల క్రమమున '1-1', '11' అను రెంటిని వరుసపెట్టినచో పాత కూర్పు '11'ను ముందుంచును. క్రొత్తది '1-1'ను ముందుంచును. మన ఇంటినంబర్లలో ఇట్టి గీతలెన్ని యున్నవో తలచుకొనుడు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోని సూచికలు పాత క్రమమున కూర్చబడి యుండగా, వెదకుట క్రొత్త క్రమమున జరుగును. ఉన్న రోగి వివరము లేదని రావచ్చును. లేదనుకొని మరల వ్రాసిన, ఒకే పేరు రెండుమారులు చేరవచ్చును. సర్వరు మాత్రము నిక్షేపముగా నడచుచుండును. చిట్టాలో తప్పు కనబడదు.

దీనికి చికిత్స యేమి? క్రొత్త వ్రాతలను ఆపి, ప్రతిని భద్రపరచి, 'రీఇండెక్స్' ఆజ్ఞచే అక్షరములపై ఆధారపడిన సూచికలను మరల కూర్పవలెను. అద్వితీయముగా నుండవలసిన పద్దులు జంటగా చేరియున్న ఆ కూర్పు ఆగిపోవును. అప్పుడు మనుష్యుడే చూచి, ఏది నిజమో తేల్చవలెను. 'సీ' అను సాదా క్రమమును వాడు డేటాబేసులకు ఈ బాధ లేదు. 2022 లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 మొదలు, డేటాబేసు క్రమము కూర్పు మారినచో హెచ్చరిక వచ్చుచున్నది.

కావున నవీకరణమునకు ముందు ప్రతి తీసి, వేరొక యంత్రముపై పరీక్షించుట మేలు. పిదప పుట తెరచుకొన్నదని తృప్తి చెందక, మనకు తెలిసిన పద్దులు కొన్నిటిని వెదకి చూడవలెను. తలుపు తెరచుకొన్నంత మాత్రమున ఇంటిలోని వస్తువులన్నియు దొరకునని నమ్మరాదు గదా!