బీరువాకూ ఓ బడ్జెట్!

బట్టలకూ అలంకరణకూ నెలకు ఇంతే... అని గీత గీసుకోనివారు అరుదు. ఆ గీత దాటనివారు మరీ అరుదు! పండగొచ్చిందనో, పెళ్లిపిలుపు వచ్చిందనో, ఆషాఢం తగ్గింపులనో మూడోనెలకే పద్దు తలకిందులవుతుంది. తప్పు మనసుది కాదు, లెక్కది. దాన్ని సరిచేసుకుంటే నచ్చిన చీరా దక్కుతుంది, ఇంటి పద్దూ నిలుస్తుంది.

ఉగాదినాడు పంచాంగం తెరవగానే అందరి కళ్లూ వెతికేది ఆదాయ వ్యయాల కోసమే. ఆదాయం 5, వ్యయం 14 అని కనపడితే 'ఈమాత్రం చెప్పడానికి పంచాంగం కావాలా' అని నవ్వేస్తారు. అదే పంచాంగంలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఏ నెలలో ఏ పండగ, పెళ్లి ముహూర్తాలు ఎప్పుడు, మూఢం ఎన్నాళ్లు... అన్నీ ఏడాది ముందే అచ్చయి ఉంటాయి. అంటే, బట్టల ఖర్చు ఏ నెలలో మీద పడబోతోందో ఉగాదినాడే తెలిసిపోతుందన్నమాట. అయినా శ్రావణమాసం రాగానే 'అనుకోని ఖర్చు' అంటూ తలపట్టుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఖర్చుకు నెలలు తెలీవు

పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు... ఇవి నెలనెలా వచ్చేవి. నెలవారీ పద్దులో చక్కగా ఇమిడిపోతాయి. బట్టలు అలా కాదు. జూన్‌లో బడులు తెరిస్తే పిల్లల యూనిఫాంలు, బూట్లు. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం, ఆ వెంటే పెళ్లిళ్లు. తెలంగాణలో బతుకమ్మకూ దసరాకూ ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు. కోస్తాలో ఆ మర్యాద సంక్రాంతిది. రంజాన్, క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో ఆ నెలలే బరువైనవి. మధ్యలో మూఢాలూ శూన్యమాసాలూ వస్తే బట్టల దుకాణం గడప తొక్కకుండానే రోజులు గడిచిపోతాయి.

బట్టలకు నెలకు 2,500 అని రాసుకున్న ఇల్లాలు, ఏమీ కొనని నెలలో ఆ డబ్బు మిగిలిందనుకుంటుంది. అది గ్యాసు బండకో, చుట్టాల రాకపోకలకో కరిగిపోతుంది. పండగ నెల రాగానే ఒక్కసారిగా పదివేలు కావాలి. చేతిలో ఉన్నది 2,500! మిగతాది కార్డు మీద గీకుతారు. 'ఈ బడ్జెట్లూ గిడ్జెట్లూ నావల్ల కాదు' అని పుస్తకం మూసేస్తారు. నిజానికి అక్కడ దుబారా ఏమీ జరగలేదు. ఏడాది ఖర్చును నెల డబ్బాలో కుక్కాలని చూశారు, అంతే.

ఏడాదికి ఒకటే కుండ

అందుకే, ముందు ఏడాదికెంతో తేల్చుకోవాలి. పన్నెండుతో భాగించడం ఆ తర్వాత. నలుగురున్న ఓ మధ్యతరగతి ఇంటికి ఏడాదికి 30,000 అనుకుంటే లెక్క దాదాపు ఇలా ఉండొచ్చు.

* పెద్ద పండక్కి నలుగురికీ బట్టలు: 10,000
* యూనిఫాంలు, బూట్లు: 5,000
* పెళ్లిళ్లు, పెట్టుపోతలు: 6,000
* రోజువారీ బట్టలు, లోదుస్తులు: 3,000
* పార్లరు, సెలూను, క్రీములు (నెలకు 500): 6,000

నెలకు పడేది 2,500. అందులో 500 మాత్రమే ఆ నెలలో ఖర్చుపెట్టేది. మిగిలిన 2,000 ఒకటో తారీఖునే పక్కకు వెళ్లిపోవాలి. వేరే బ్యాంకు ఖాతా కావచ్చు, రికరింగ్ డిపాజిట్ కావచ్చు. రోజూ వాడే ఫోన్ పేమెంట్లకు మాత్రం ఆ ఖాతాను ముడిపెట్టకూడదు. కంటికి కనపడే డబ్బు చేతికి ఆగదు కదా!

ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్‌కల్లా 6,000 జమవుతాయి. యూనిఫాంలకు 5,000 పోగా 1,000 మిగులు. జులై నుంచి జనవరి దాకా ఏడు నెలలకు మరో 14,000. శ్రావణం పెళ్లిళ్లకు 3,000, రోజువారీ బట్టలకు 2,000 తీసినా సంక్రాంతికి సరిగ్గా 10,000 చేతిలో ఉంటాయి. దసరాయే పెద్ద పండగ అయినవారు మూడు నెలలు ముందుగా, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే సరిపోతుంది. ఆదాయం తక్కువైతే అంకెలు తగ్గుతాయి. పద్ధతి మాత్రం అదే. ఓ నెల మిగిలితే ఆ మిగులు కుండలోనే ఉండాలి. వంటింటి ఖర్చుకు అందులోంచి అప్పివ్వకూడదు.

చీర వెనక తోక

లెక్క తప్పడానికి రెండో కారణం, ధర చీటీ మీద కనపడని ఖర్చు. 1,500 పెట్టి చీర కొంటారు. పద్దులో 1,500 అని రాస్తారు. ఫాల్, పికోకు 150, లైనింగు గుడ్డకు 100, జాకెట్టు కుట్టుకూలి 600, రంగు కలిసిన లంగాకు 250... ఊరిని బట్టి కాస్త అటూఇటూ అయినా, తోక పొడవు 1,100! అంటే ఆ చీర ఖరీదు 2,600. ఇక జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించాలనుకుంటే చీరకంటే రవికే ఖరీదైపోవడం కొత్తేం కాదు. పట్టుచీరైతే డ్రైవాష్, రోల్ పాలిష్ ఉండనే ఉన్నాయి. కాబట్టి కొనేముందే తోకతో సహా లెక్కేయాలి. పాత జాకెట్లలో ఏదైనా నప్పుతుందేమో చూసుకోవాలి. నప్పితే సగం తోక తెగినట్టే.

ఎన్నిసార్లు కడతారన్నదీ ముఖ్యమే. 5,000 పెట్టి కొన్న వర్క్ చీర రెండు పెళ్లిళ్లకు కట్టి మడత పెట్టేస్తే ఒక్కో కట్టుబడికి 2,500 పడుతుంది. 1,200 పెట్టి కొన్న నూలుచీర అరవైసార్లు కడితే పడేది 20 రూపాయలే! అలాగని పెళ్లికి నూలుచీరే కట్టాలని కాదు. అరుదుగా కట్టేవాటిని అరుదుగా కొంటే చాలు. అక్కాచెల్లెళ్లు ఒకరి చీర ఒకరు కట్టుకోవడం, అమ్మ పట్టుచీరను మనవరాలికి పట్టులంగాగా కుట్టించడం తెలుగిళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పాతబట్టలు వేసి స్టీలు గిన్నె తీసుకున్న అమ్మమ్మలు ఏ గుడ్డనూ ఊరికే పారేయలేదు.

ఆషాఢం లాభం ఎవరికి?

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. కొత్తకోడలు పుట్టింటికి వెళ్తుంది. బట్టల దుకాణాలకు గిరాకీ ఉండదు. వెనకే శ్రావణం వస్తుంది, కొత్త సరకు దించాలి. అందుకే పాతది ఖాళీ చేసుకోవడానికి ఈ తగ్గింపులు. కొనేవాళ్లకూ ఇది మంచి సమయమే... జాబితా రాసుకుని వెళ్తే! శ్రావణంలో మేనకోడలి పెళ్లి ఉంది, ఎలాగూ 2,000 పెట్టి చీర కొనాలి. అదే చీర ఆషాఢంలో 1,200కు దొరికితే 800 మిగిలినట్టు. ఏ అవసరమూ లేకుండా 'సగం ధరకే వస్తోంది' అని కొంటే మిగిలిందేమీ లేదు, 1,200 పోయింది. తగ్గింపు శాతం చూసి మురిసిపోకుండా, అలాంటి చీర పక్క దుకాణంలో మామూలు రోజుల్లో ఎంతకు వస్తుందో ఆరా తీయడం మేలు.

పన్ను సంగతీ తెలిసుండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల ప్రకారం, కుట్టిన దుస్తులు ఒక్కోటి 2,500 దాకా అయితే 5 శాతం, అది దాటితే 18 శాతం. పన్ను కాకుండా 2,400 ఉన్న డ్రెస్సుకు పన్నుతో కలిపి 2,520 అవుతుంది. 2,600 ఉన్నదానికి 3,068! ధరలో తేడా 200, జేబులోంచి పోయే తేడా 548.

అరచేతిలో అంగడి

ఒకప్పుడు సుల్తాన్‌బజారుకో బీసెంట్‌రోడ్డుకో వెళ్తేనే చీర కొనేవారు. బస్సు దిగి, నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, అలిసిపోయి ఇల్లు చేరేవారు. ఆ అలసటే సగం ఖర్చును ఆపేది. ఇప్పుడు రాత్రి పదకొండింటికి పక్కమీద పడుకుని 'లైవ్'లో చీరలు చూడొచ్చు. 'స్క్రీన్‌షాట్ తీసి పంపండి, ముందు పంపినవాళ్లకే' అంటుంది అమ్మే ఆవిడ. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మరో పాతిక ఫొటోలు.

'ఇంకా రెండే మిగిలాయి', 'పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది' అంటూ లేని తొందర పుట్టించడం, అడక్కుండానే బుట్టలో ఇంకో వస్తువు వేసేయడం... ఆన్‌లైన్ అంగళ్ల ఇలాంటి 13 రకాల మాయలను తప్పుడు పద్ధతులుగా గుర్తిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అయినా అసలు కాపలా కొనేవారి చేతిలోనే ఉంది. నచ్చింది బుట్టలో వేసి, రెండు రాత్రులు గడవనివ్వాలి. మూడోరోజు పొద్దున కూడా కావాలనిపిస్తే, కుండలో డబ్బుంటే, అప్పుడు కొనొచ్చు. చాలా చీరలు రెండోరోజుకే గుర్తుకు రావు! కార్డు వివరాలు ఆ యాప్‌లో దాచిపెట్టకపోవడం మరో మంచి అడ్డుకట్ట. పదహారు అంకెలు మళ్లీ కొట్టేలోపు కాస్త ఆలోచన కూడా వస్తుంది.

అద్దం ముందు...

అలంకరణ ఖర్చుది మరో తీరు. అక్కడ ఒక్కసారిగా పెద్దమొత్తం పోదు, చుక్కచుక్కగా కారుతుంది. కనుబొమలు తీయించుకోవడానికి పార్లరుకు వెళ్తే 'ముఖం బాగా నల్లబడింది మేడమ్, ఫేషియల్ చేద్దామా' అంటారు. వద్దంటే క్లీనప్, అదీ వద్దంటే జుట్టుకు స్పా. యాభై రూపాయల పని వెయ్యి రూపాయల దగ్గర తేలుతుంది. ఏం చేయించుకోవాలో ఇంట్లోనే తేల్చుకుని, కుర్చీలో కూర్చోకముందే చెప్పేయడం ఒక్కటే మార్గం.

క్రీముల డబ్బాల మీద మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, దానిమీద '6ఎం', '12ఎం' అని ఉంటుంది. తెరిచాక ఎన్ని నెలల్లో వాడేయాలో చెప్పే గుర్తది. ఆరు నెలల గడువున్న క్రీము పెద్దడబ్బా చవకని కొని సగం పారేస్తే, చిన్నడబ్బా కొన్నవాళ్లే లాభపడ్డట్టు. షాంపూ విషయంలోనూ పెద్దసీసాయే చవకని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. మిల్లీలీటరుకు ఎంత పడుతోందో ప్యాకెట్‌తో పోల్చి చూసుకోవాలి. ఉన్నది అయిపోయాకే కొత్తది కొనడం అన్న ఒక్క నియమం చాలు, సొరుగులో నాలుగు లిప్‌స్టిక్‌లు ఎండిపోకుండా ఉంటాయి. ఇక ఆషాఢంలో చేతులు పండించే గోరింటాకు, పండగనాటి నలుగుపిండి, తలకు కుంకుడుకాయ... వీటికి ఏ బడ్జెట్టూ పెద్దగా కదలదు.

వెయ్యి కట్టినా తరగని అప్పు

బడ్జెట్ దాటితే ఏమవుతుందిలే అనుకునేవారు ఒక్క లెక్క చూడాలి. పండక్కి కార్డు మీద 20,000 కొన్నారు. గడువులోగా మొత్తం కట్టలేదు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 700. దానిమీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826. ఆ నెల 1,000 కడితే అసలులో తరిగేది 174 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు మామూలుగా దక్కదు. చీర రంగు వెలిసినా బాకీ తీరదు. 'అప్పు చేసి పప్పుకూడు' అని పెద్దలు ఊరికే అన్నారా?

'కొత్తదా? కాదు, ఎప్పటిదో!'

అప్పుకంటే చేటు చేసేది ఇంకోటుంది, దాపరికం. కొన్న చీరను బీరువాలో చీరల అడుగున పెట్టి, నెల తర్వాత కట్టుకుని, భర్త అడిగితే 'ఇదా... ఎప్పటిదో పాతదే' అనడం చాలా ఇళ్లలో వినపడే మాటే. భర్త నాలుగో జత బూట్లు 'ఆఫీసులో తప్పదు' అన్న ముసుగులో వస్తాయి. కాలేజీ అమ్మాయి ఫేస్‌వాష్ 'ప్రాజెక్టు ఖర్చు'గా మారుతుంది. ఖర్చు చిన్నదే. అబద్ధం చెప్పాల్సి రావడమే పెద్దది.

అందుకే, ఇంటి కుండతో పాటు ప్రతి ఒక్కరికీ ఓ చిన్న పిడత ఉండాలి. నెలకు 300 కావచ్చు, 500 కావచ్చు. దాంతో ఏం కొన్నారని ఎవరూ అడగకూడదు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఇల్లాలికి ఎంతో ఇంటాయనకూ అంతే. జీతం తెచ్చేవారికి ఎక్కువ, ఇల్లు దిద్దేవారికి తక్కువ అన్న తేడా వద్దు. మూడు నెలలు ఆగి, పిడతలో పోగైన డబ్బుతో నచ్చిన చీర కొనుక్కుంటే, దాన్ని ఆ సాయంత్రమే కట్టుకుని వీధిగుమ్మంలోకి రావచ్చు. 'కొత్తదా?' అని ఎవరైనా అడిగితే 'అవును, ఇవాళే కొన్నాను!' అని నిండుగా చెప్పొచ్చు.