నువ్వుల ముద్ద - ఇంట తయారుచేయు విధము

నువ్వులు పండించు రైతు కల్లముమీదనే పంటనంతయు వర్తకునకు కొలిచి యిచ్చి, నెల తిరుగకముందే అంగడినుండి నూనె కొని తెచ్చుకొనుట మన గ్రామములలో సామాన్యము. అమ్మకము తప్పదు. కాని యింటి వాడుకకు నాలుగైదు కిలోలు నిలుపుకొనిన సంసారమునకు భారము కాదు. నువ్వులలో ఇంచుమించు సగము నూనెయే; మాంసకృత్తులు నూటికి 18 పాళ్లవరకు నుండును. ఇట్టి దినుసును గానుగకు పోయక ముద్దగా నూరి యుంచుకొనిన నూనెయు పిండియు రెండును మన విస్తరిలోనికే వచ్చును.

ముందుగా నొక హెచ్చరిక. విత్తుటకై థైరమ్, మాంకోజెబ్ వంటి మందులు పట్టించిన నువ్వులు మిగిలినచో వానిని తినుటకు ఎంతమాత్రము వాడరాదు. ఎన్ని నీళ్లతో కడిగినను ఆ విషము పూర్తిగా పోవునని నమ్మరాదు. విత్తనపు సంచిమీద గుర్తు వ్రాసి వేరుగా నుంచవలెను.

నేలమీద దులిపిన నువ్వులలో ఇసుక కలియును. అది ముద్దలో చేరినచో పంటిక్రింద కరకరలాడి, పడిన శ్రమ యంతయు వ్యర్థమగును. టార్పాలిన్ పరచి దులిపి, తరువాత నీళ్లలో గాలించినచో ఇసుక అడుగున నిలుచును.

పొట్టుతో నూరవలెనా, తీసివేయవలెనా యని గృహిణులు తరచుగా అడుగుచుందురు. కాల్షియము పొట్టులోనే హెచ్చు; అది నిజమే. కాని అందు చాలభాగము ఆక్జాలిక్ ఆమ్లముతో కూడియుండుటచే దేహమునకు పట్టునది తక్కువ. చేదు కూడ ఆ పొట్టుదే. పచ్చడికి, పొడికి పొట్టుతోనైనను సరిపోవును గాని, ముద్దకు నూపప్పే మేలని మా యభిప్రాయము. తరుగు నూటికి 15 మొదలు 20 పాళ్లవరకు నుండును. నువ్వులను కొన్ని గంటలు నానబెట్టి, నీరు వార్చి, శుభ్రమైన గోనెపట్టామీద వేసి అరచేతితో రుద్ది, ఎండలో గలగలలాడునట్లు ఆరబెట్టి, చేటతో చెరిగిన పొట్టు పోవును. వేసవి పైరు చేతికివచ్చు ఏప్రిల్, మే నెలల యెండ దీనికి మిక్కిలి యనుకూలము.

మందపు మూకుడులో సన్నని సెగపై, చేయి ఆపక కలియబెట్టుచు వేయింపవలెను. చిటపటలాడి కమ్మని వాసన రాగానే దింపవలెను, ఎరుపెక్కినచో చేదెక్కును. గోరువెచ్చగా నుండగనే తడిలేని రోటిలో దంచి నూరవలెను. మొదట పొడియై, తరువాత ఉండకట్టి, కడకు తన నూనెతో తానే జారుగా నగును. ఓపిక కావలసినది ఈ ఉండకట్టు దశలోనే. పలువురు ఇచ్చట విసిగి నీళ్లు చిలకరింతురు, దానితో ముద్ద నిలువకు పనికిరాదు. మిక్సీ యైనచో గిన్నె వేడెక్కకుండ ఆపి ఆపి త్రిప్పవలెను.

పొడి జాడీలో నుంచిన ముద్దపై నూనె తేలుట చెడుగు కాదు, కలుపుకొని వాడవలెను. తడి గరిటె తగిలినచో బూజు పట్టును. నువ్వులలో సహజముగా నుండు సెసమోల్ మొదలగునవి త్వరగా ముక్కవాసన రానీయవు.

బెల్లముతో దంచిన చిమ్మిలి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు బగారా బైంగనుకు చిక్కదనము నిచ్చునది నువ్వుల ముద్దయే. అరబ్బు దేశములవారు దీనిని తహీనీ యని పిలిచి, నిమ్మరసము, వెల్లుల్లి కలిపి రొట్టెతో తిందురు. నువ్వులు సరిపడక దద్దురులు, ఆయాసము కలుగువారు కొందరు గలరు. పసిబిడ్డలకు మొదట కొంచెముగా పెట్టి చూడవలెను.

పులుసులో వాడునపుడు ముద్దను వేరుగా గిన్నెలో కలుపుకొనవలెను. మొదట నీరు పోయగనే అది గట్టిపడి బిగుసుకొనును. చెడినదని పారబోయక, మరికొంత నీరు పోసి కలుపగా తెల్లబడి పాలవలె పలుచనగును.