తీసివేసినా తేడా ఎందుకు తగ్గదు?

ప్రశ్న: రెండు కొలతల్ని కలిపితే వాటి సగటులు కూడా కలుస్తాయి. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే సగటుల్నీ అలాగే తీసేయాలి. ఇంతవరకూ అర్థమైంది. కానీ రెండింటికీ సంబంధం లేనప్పుడు వాటి హెచ్చుతగ్గులు మాత్రం కలిపినా, తీసేసినా ఒకే రకంగా పెరుగుతాయని పుస్తకంలో ఉంది. తీసేసినప్పుడు తగ్గాలి కదా?

జవాబు: సూత్రాన్ని బట్టీపట్టకుండా ఆగి ఆలోచించినవాళ్లకే ఈ అనుమానం వస్తుంది. నెయ్యి దుకాణంలో కాటా దగ్గర మొదలుపెడదాం. దుకాణదారు ముందు ఖాళీ డబ్బా తూస్తాడు. తర్వాత నెయ్యి పోసి మళ్లీ తూస్తాడు. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే నెయ్యి బరువు వస్తుంది. ఆ కాటా ప్రతి తూకంలోనూ 5 గ్రాములు ఎక్కువో, 5 గ్రాములు తక్కువో చూపిస్తుందనుకోండి. ఏది చూపిస్తుందో ముందే చెప్పలేం. మొదటి తూకంలో వచ్చిన తప్పుకీ రెండో తూకంలో వచ్చిన తప్పుకీ ఏ సంబంధమూ లేదు.

అప్పుడు నాలుగు రకాలుగా జరగవచ్చు, నాలుగింటికీ సమానమైన అవకాశం ఉంటుంది. రెండుసార్లూ ఎక్కువ చూపించవచ్చు, రెండుసార్లూ తక్కువ చూపించవచ్చు, మొదట ఎక్కువా తర్వాత తక్కువా చూపించవచ్చు, లేదా మొదట తక్కువా తర్వాత ఎక్కువా చూపించవచ్చు. రెండు తూకాల్నీ కలిపితే తప్పు వరసగా +10, –10, 0, 0 అవుతుంది. తీసేస్తే 0, 0, –10, +10 అవుతుంది. వరస మారిందే కానీ అంకెలు అవే! తీసివేత బరువుని తగ్గిస్తుంది, నిజమే. కానీ తప్పుకి ప్లస్సూ మైనస్సూ సమానంగా వచ్చే అవకాశం ఉన్నప్పుడు దాని ముందు ఇంకో మైనస్ గుర్తు పెడితే ఏం మారుతుంది? అది మళ్లీ అలాంటి తప్పే. అందుకే హెచ్చుతగ్గుల దృష్టిలో ఇలాంటి రెండు కొలతల్ని కలపడమూ తీసేయడమూ ఒకటే.

ఆ నాలుగు తప్పుల్నీ వర్గం చేసి సగటు చూడండి: 100, 100, 0, 0 సగటు 50. విడివిడిగా ఒక్కో తూకంలో తప్పు వర్గం 25. ఇరవై అయిదూ ఇరవై అయిదూ యాభై! కలిసేది తప్పులు కాదు, వాటి వర్గాల సగటులు. ఈ వర్గాల సగటునే విస్తృతి అంటారు, కాలేజీలో వేరియన్స్ అంటారు. యాభైకి వర్గమూలం సుమారు 7. అంటే అయిదూ అయిదూ కలిసి పది కాలేదు, సున్నా కూడా కాలేదు, ఏడు దగ్గర ఆగింది. ఎందుకంటే ఒక్కోసారి తప్పులు ఒకదానికొకటి తోడవుతాయి, ఒక్కోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇప్పుడు అదే కాటా పళ్లెం కింద 20 గ్రాముల ముక్క ఏదో ఇరుక్కుందనుకోండి. రెండు తూకాలూ 20 ఎక్కువే చూపిస్తాయి. తీసేస్తే ఆ తప్పు పూర్తిగా పోతుంది, కలిపితే 40 అవుతుంది. తీసివేతలో తప్పు తగ్గాలన్న మీ అనుమానం ఇక్కడ అక్షరాలా నిజం. అయితే అది నిజమా కాదా అన్నది ఒక్కో తూకాన్ని విడిగా చూస్తే తెలియదు. రెండూ ఒకదానితో ఒకటి ఎలా నడుస్తాయో తెలియాలి. ఇలా కలిసి నడిచే తీరుని చెప్పేదే ఉమ్మడి విభాజనం.

కాటాకి +5, –5 అని రెండే తప్పులు ఇచ్చాం. నిజమైన కొలతలు అలా మెట్లమెట్లుగా ఉండవు, వాటి మధ్య ఎక్కడైనా ఆగుతాయి. మనిషి ఎత్తు 68 అంగుళాలంటే కచ్చితంగా 68 అని కాదు, ఆ చుట్టుపక్కల అని. ఇలాంటి వాటిని అవిచ్ఛిన్న చలరాశులంటారు. రెండు ఎత్తుల్ని కలిపి చూడాలంటే గ్రాఫు కాగితం తీసుకుని, అడ్డంగా తండ్రి ఎత్తు, నిలువుగా తల్లి ఎత్తు వేసి, ఒక్కో జంటకి ఒక్కో చుక్క పెట్టాలి. చుక్కలు ఎక్కడ చిక్కగా ఉన్నాయో, ఎక్కడ పలచగా ఉన్నాయో చూస్తే ఉమ్మడి విభాజనం కంటికి కనబడుతుంది.

కూడిక ఈ కాగితం మీద ఎక్కడుంటుంది? ఇద్దరి ఎత్తులూ కలిపి 134 అంగుళాలయ్యే జంటలన్నీ ఒక ఏటవాలు గీత మీద పడతాయి. 135 అయ్యేవి దాని పక్కనే, దానికి సమాంతరంగా ఉన్న గీత మీద పడతాయి. ఒక్కో గీత వెంట ఎన్ని చుక్కలున్నాయో పోగుచేస్తే మొత్తం ఎత్తు విభాజనం వస్తుంది. తేడా కావాలంటే గీతల్ని రెండోవైపు వాల్చి పోగుచేయాలి. తల్లి ఎత్తుని 1.08తో గుణించి కలపాలంటే గీతల వాలు కొంచెం మారుతుంది, అంతే. రేఖీయ సంయోగం అనే పెద్దమాట వెనకున్న పని ఇదే.

1.08 అంకె ఊరికే తీసుకోలేదు. 1886లో లండన్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల ఎత్తుల్నీ, వాళ్ల పెద్దయిన పిల్లలు 928 మంది ఎత్తుల్నీ పట్టికలుగా వేశాడు. ఆడవాళ్ల ఎత్తుని 1.08తో గుణించి మగవాళ్ల కొలమానానికి తెచ్చి, తండ్రి ఎత్తుతో కలిపి సగం చేశాడు. దానికి 'మధ్య తల్లిదండ్రి' ఎత్తు అని పేరు పెట్టాడు. (వంశాన్ని బట్టి మనుషుల్ని ఏరాలన్న సుజననశాస్త్రానికి పేరు పెట్టిందీ ఇతనే. ఆ ఆలోచన లోకానికి చాలా కీడు చేసింది. ఇక్కడ మనకి కావలసింది అతని లెక్క మాత్రమే.)

అతని లెక్కలో జనం సగటు ఎత్తు 68.25 అంగుళాలు. సగం మంది ఆ సగటుకి 1.7 అంగుళాల లోపే ఉంటారు. ఈ 1.7ని విస్తారం కొలతగా పెట్టుకుందాం, గంట ఆకారపు (నార్మల్) విభాజనానికి ఇది బాగా పనికొస్తుంది. పొడవాటి మగవాళ్లు పొడవాటి ఆడవాళ్లనే చేసుకుంటూ, పొట్టివాళ్లు పొట్టివాళ్లనే చేసుకుంటూ ఉంటే చుక్కలన్నీ ఒక మూల నుంచి ఎదుటి మూలకి పరుచుకునేవి, జంట సగటు కూడా ఇంచుమించు 1.7 దాకా చెదిరేది. ఎత్తు చూడకుండా పెళ్లిళ్లు జరిగితే వర్గాలు కలవాలి: 2.89కి 2.89 కలిపితే 5.78, వర్గమూలం 2.4, సగం చేస్తే 1.2. గాల్టన్ జంటల సగటు ఎత్తులు చెదిరింది దాదాపు ఈ 1.2 మేరకే! పట్టికలో చూసినా పొడుగు-పొడుగు, పొట్టి-పొట్టి జంటలూ, పొడుగు-పొట్టి జంటలూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. జంట సగటు ఎంత చెదిరిందో చూసి పెళ్లిళ్లలో ఎత్తు పట్టింపు ఉందో లేదో చెప్పగలగడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది.

పిల్లల దగ్గరికి వస్తే కథ వేరు. మధ్య తల్లిదండ్రి ఎత్తు సగటు కంటే ఒక అంగుళం ఎక్కువైతే పిల్లల ఎత్తు సగటున మూడింట రెండు వంతుల అంగుళం ఎక్కువగా ఉంటుందని గాల్టన్ కనిపెట్టాడు. అంటే ఇక్కడ చుక్కలు వాలి ఉన్నాయి. రైలు కోసం ఎదురుచూస్తూ ఆ పట్టిక చిత్రాన్ని పరికిస్తుండగా, సమాన చిక్కదనం ఉన్నచోట్లని కలిపితే ఒకదానిలో ఒకటిగా దీర్ఘవృత్తాలు వస్తాయని అతనికి తట్టింది. కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు హామిల్టన్ డిక్సన్ దాన్ని సమీకరణాలతో రుజువు చేశాడు.

వాలు ఉన్నప్పుడు వర్గాల కూడికకి ఇంకో పదం తోడవుతుంది. బళ్లో చదివిన సూత్రమే: రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేస్తే వాటి వర్గాలతోపాటు వాటి లబ్ధానికి రెండింతలు కూడా వస్తుంది. సంబంధం లేని కొలతల్లో ఆ లబ్ధం ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అయి సగటున సున్నా అవుతుంది. కాటా లెక్కలో అది కనబడకుండా పోయింది అందుకే. సంబంధం ఉంటే అది మిగులుతుంది, దాన్నే సహవిస్తృతి అంటారు. కూడికలో దానికి రెండింతలు కలుపుతాం, తీసివేతలో రెండింతలు తీసేస్తాం. గాల్టన్ అంకెలతోనే చూద్దాం. పిల్లల వర్గం 2.89, మధ్య తల్లిదండ్రిది 1.44, సహవిస్తృతి వంతు 1.44లో మూడింట రెండు వంతులు, అంటే 0.96. పిల్లవాడి ఎత్తులోంచి మధ్య తల్లిదండ్రి ఎత్తు తీసేస్తే 2.89కి 1.44 కలిపి, అందులోంచి 0.96కి రెండింతలు తీసేయాలి. 2.41 మిగులుతుంది, వర్గమూలం 1.55. సంబంధమే లేకపోతే ఆ తేడా 2.08 దాకా చెదిరేది. ఇక్కడ తీసివేత నిజంగానే హెచ్చుతగ్గుల్ని కొంత తగ్గించింది.

సహవిస్తృతి సున్నా అయితే ఇక సంబంధమే లేదనుకోవచ్చా? ఇక్కడ చాలామంది తడబడతారు. సున్నా చుట్టూ గంట ఆకారంలో పరుచుకున్న సంఖ్యల్లోంచి ఒకటి తీసి, నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే అదే సంఖ్యని రెండోదిగా రాయండి. బొరుసు పడితే గుర్తు మార్చి రాయండి. రెండోది కూడా గంట ఆకారమే, సహవిస్తృతి సున్నాయే. కానీ రెండింటినీ కలిపితే సగంసార్లు కచ్చితంగా సున్నా వస్తుంది. గ్రాఫు మీద చుక్కలు గుండ్రంగా పరుచుకోకుండా గుణకారపు గుర్తులా రెండు గీతల మీదే పడతాయి.

మరి చుక్కల కాగితాన్ని చూడకుండా, పోగుచేసిన మొత్తాల్ని మాత్రమే చూసి ఉమ్మడి విభాజనాన్ని తెలుసుకోగలమా? గీతల్ని ఒక వాలులో పోగుచేస్తే చాలదు. అన్ని వాలుల్లోనూ పోగుచేస్తే ఉమ్మడి విభాజనం పూర్తిగా తిరిగి దొరుకుతుందని 1936లో క్రామెర్, వోల్డ్ నిరూపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు 1965లో వెలువరించిన 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్‌ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్' పుస్తకంలో ఈ దారినే పట్టారు. అనేక చలరాశుల నార్మల్ విభాజనాన్ని ఆయన పెద్ద సూత్రంతో మొదలుపెట్టలేదు. ఏ గుణకాలతో కలిపినా వచ్చే ప్రతి రేఖీయ సంయోగమూ గంట ఆకారంలోనే ఉంటే అది నార్మల్ అన్నారు. ఆ నిర్వచనాన్ని పెట్టి చూస్తే నాణెంతో చేసిన జత నార్మల్ కాదు. కలిపిన మొత్తం సగంసార్లు సున్నా దగ్గరే ఆగిపోతోంది కదా!