ఓడినవారికి పుట ఎక్కడ?

ఎన్నికల ఫలితాలు వెలువడిన మర్నాటినుంచి ఓడిన అభ్యర్థి పేరు రాజధానిలో వినిపించదు. 2024 లోక్‌సభ ఎన్నికలలో 543 స్థానాలకు 8,360 మంది రంగంలో నిలిచారు. అంటే పరాజితులు సుమారు 7,800 మంది. ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో వీరికి ప్రత్యేక వ్యాసం ఉండవచ్చునా అన్నది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని ప్రజాస్వామ్యంలో ఎవరిని గుర్తుంచుకోవాలన్న పెద్ద ప్రశ్న దానిలోనే ఇమిడి ఉన్నది.

వికీపీడియా నియమం స్పష్టమే. చట్టసభలకు ఎన్నికైనవారు వ్యాసానికి అర్హులని అది ముందుగానే భావిస్తుంది. కేవలం పోటీ చేసినవారికి ఆ సౌలభ్యం లేదు. వారిని గురించి స్వతంత్ర పత్రికలు, గ్రంథాలు విపులంగా రాసి ఉండాలి. ఈ నియమం అన్యాయమని కొట్టివేయలేము. నామినేషన్ వేసిన ప్రతివారికీ పుట కేటాయిస్తే విజ్ఞాన సర్వస్వం కరపత్రాల కట్టగా మారుతుంది. పాతికవేల రూపాయల ధరావతుతో చరిత్రలో స్థానం కొనుక్కోవడం ఎవరికీ వాంఛనీయం కాదు.

అయితే గెలుపొక్కటే ప్రాముఖ్యానికి కొలబద్ద కాజాలదు. డాక్టర్ అంబేద్కర్ 1952లో ఉత్తర బొంబాయిలోను, 1954 ఉప ఎన్నికలో భండారాలోను ఓడిపోయారు. బరేలీకి చెందిన కాకా జోగీందర్ సింగ్ 'ధర్తీపకడ్' మూడు వందలకు పైగా ఎన్నికలలో పోటీచేసి, ఓటములవల్లనే ప్రసిద్ధికెక్కారు. మొదటివారికి జీవితకాలపు కృషి, రెండవవారికి పత్రికల కుతూహలం అండగా నిలిచాయి. ఈ రెండూ లేనివారి మాటేమిటి?

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. వారిలో అత్యధికులు ఫ్లోరైడ్ నీటి పీడను దేశం దృష్టికి తేవడానికి నిలిచినవారే. 2019లో నిజామాబాద్‌లో బరిలో ఉన్న 185 మందిలో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వారి కోర్కెలు. గెలుస్తామని వారెవరూ అనుకోలేదు. జాతీయ పసుపు బోర్డు మాత్రం 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే ప్రారంభమైంది.

వీరిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వ్యాసం అక్కరలేదు. కాని ఆ ఎన్నికను గురించిన వ్యాసంలో విజేత పేరు, సమీప ప్రత్యర్థి పేరు ఇచ్చి, తక్కినవారిని 'ఇతరులు' అన్న ఒక్క మాటతో సరిపెట్టితే అది చరిత్ర అనిపించుకోదు. ఎన్నికల సంఘం నివేదికలలో ప్రతి అభ్యర్థి పేరు, వచ్చిన ఓట్లు భద్రంగానే ఉన్నాయి. అతడు ఎందుకు నిలబడ్డాడో మాత్రం అక్కడ ఉండదు. అది నమోదు చేయవలసింది ఆనాటి పత్రికలు. వారు రాయనిదానిని రేపటి విజ్ఞాన సర్వస్వం ఎక్కడినుంచి తేగలదు? ఓడినవారికి పుట నిరాకరించేది సంపాదకుల నియమమే కాదు, ప్రచార సమయంలో వారి ఊరికి వెళ్లని విలేఖరి కూడా.