కీళ్లవాతం మందులు, రక్తంలో ఖనిజాల లెక్క

ఒంట్లో రాగి తగ్గితే కీళ్లు పట్టేస్తాయని కొందరు చేతికి రాగి కడియం వేసుకుంటారు. రక్తపరీక్ష చెప్పేది ఇందుకు పూర్తిగా వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో రాగి మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. తగ్గేవి జింక్, ఇనుము. 2013లో బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 70 మంది రోగులపై రాగి కడియాలను పరీక్షించి చూశారు, ఉత్తుత్తి కడియాలకు మించిన ఫలితమేమీ కనబడలేదు.

ఈ తేడాలకు తిండి ఒక్కటే కారణం కాదు. కీళ్లలో వాపు రేగినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో కాలేయం రాగిని మోసే సెరులోప్లాస్మిన్ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, రక్తంలోని జింక్‌ను తనలోకి లాక్కుంటుంది, హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. ఈ హెప్సిడిన్ ఇనుమును ఎక్కడిదక్కడ బంధిస్తుంది. పేగుల నుంచి రావలసిన ఇనుమూ, పాత ఎర్రకణాల నుంచి తిరిగి రావలసిన ఇనుమూ రక్తంలోకి సరిగా చేరవు. సూక్ష్మజీవులకు ఇనుము అందకుండా చూసే రక్షణ ఏర్పాటు ఇది. కీళ్లవాతంలో సూక్ష్మజీవి లేకపోయినా తలుపులు మూసుకుంటాయి.

అందుకే వాపును అణచే మందు బాగా పనిచేస్తే ఈ అంకెలు కూడా సర్దుకోవడం మొదలుపెడతాయి. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ వాడినవారిలో హెప్సిడిన్ తగ్గి, హిమోగ్లోబిన్ పెరగడం వైద్యులు గమనించారు.

మందుల మరో ముఖం అంత మంచిది కాదు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు పేగుల్లో కాల్షియం ఇంకడాన్ని తగ్గించి, మూత్రంలో ఎక్కువగా పోయేలా చేస్తాయి. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. జీర్ణాశయపు పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తప్రవాహం సరిగా అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. దాంతో శరీరంలో సోడియం నిలిచిపోవచ్చు, పొటాషియం పెరగవచ్చు. కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. జీర్ణాశయంలో పుండుపడితే రక్తం కొద్దికొద్దిగా కారుతూ ఇనుమును పట్టుకుపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవారికి ఇది తెలియకుండానే జరిగిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఇనుము తక్కువని రిపోర్టు వస్తే, అది వాపు వల్ల లోపల బందీ అయిందా, నొప్పి మాత్ర వల్ల బయటికి పోతోందా? మొదటి దానిలో ఇనుము మాత్ర పెద్దగా ఉపయోగపడదు. రెండో దానిలో మాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే పుండు అలాగే ఉండిపోతుంది. ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంటే రక్తస్రావాన్ని అనుమానిస్తారు. అయితే వాపులో ఫెరిటిన్ కూడా పెరుగుతుంది కాబట్టి, ఆ అంకె మామూలుగా కనిపించినా వైద్యులు వాపును కొలిచే సీఆర్‌పీ పరీక్షతో కలిపే చూస్తారు. మలం నల్లగా వస్తోందా అనీ అడుగుతారు.