కాగితపు పరిమాణములు – పిక్సెళ్ళు

కాగితపు పరిమాణములు అనగా ముద్రణకు, లేఖనమునకు నిర్ణయింపబడిన పొడవు వెడల్పుల ప్రమాణములు. అత్యధిక దేశములు అనుసరించు ఐఎస్ఓ 216 ప్రమాణము 1975లో వెలువడినది. దీనికి మూలము 1922లో జర్మనీలో వాల్టర్ పోర్స్ట్‌మన్ రూపొందించిన డిన్ 476.

కొలతలు

ఏ0 కాగితపు వైశాల్యము సుమారు 1 చదరపు మీటరు. వెడల్పు, పొడవుల నిష్పత్తి 1:√2 అగుటచే కాగితమును అడ్డముగా సగమునకు కోసినను అదే నిష్పత్తి నిలుచును. ఏ4 కొలత 210 × 297 మి.మీ. తెలుగు పుస్తక ముద్రణలో మాత్రము 1/8 డెమీ (సుమారు 5.5 × 8.5 అంగుళములు), 1/8 క్రౌన్ వంటి పాత కొలతలు నేటికిని వాడుకలో ఉన్నవి.

పిక్సెళ్ళలోనికి మార్పిడి

ఒక అంగుళము 25.4 మి.మీ. కావున సూత్రము ఇట్లుండును:

పిక్సెళ్ళు = మిల్లీమీటర్లు × డీపీఐ ÷ 25.4

* ఏ4, 96 డీపీఐ: 794 × 1123
* ఏ4, 300 డీపీఐ: 2480 × 3508
* 1/8 డెమీ, 300 డీపీఐ: 1650 × 2550

జాగ్రత్తలు

ప్రోగ్రాములో గుణకారము, భాగహారము ముగిసిన పిదపనే ఫలితమును పూర్ణాంకముగా సవరించవలెను. ముందే 300 ÷ 25.4 విలువను (సుమారు 11.81) 12గా తీసుకొనిన యెడల ఏ4 పొడవు 3564 పిక్సెళ్ళగును. అనగా ముద్రణలో పుట సుమారు 4.7 మి.మీ. పెరిగి, అంచున ఉన్న పంక్తి తెగిపోవచ్చును.

ఏ4 పుటను 1/8 డెమీకి కుదించునపుడు రెండు వైపులను ఒకే నిష్పత్తిలో, సుమారు 66.5 శాతమునకు, తగ్గించవలెను. పొడవు వెడల్పులను వేర్వేరుగా సరిపెట్టినచో అక్షరములు సుమారు 9 శాతము నిలువుగా సాగి, గుండ్రని తెలుగు లిపి రూపము చెడును.