చెవికి పట్టుబడవలసిన వాక్యం

మన సంస్థలో పనిచేస్తున్న తెలుగువారిలో పెక్కుమంది ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నవారు. మాన్యువల్స్, టెండరు పత్రాలు చదివి గ్రహించడంలో వారికి ఏ లోటూ లేదు. చిక్కంతా సమీక్షా సమావేశాలలో నోరు విప్పవలసి వచ్చినపుడే. బాయిలరు ట్యూబు ఎందుకు పగిలిందో క్షుణ్ణంగా తెలిసిన యువ ఇంజనీరు మౌనంగా కూర్చుంటాడు. అంతగా తెలియని వ్యక్తి పది నిమిషాలు ధారాళంగా మాట్లాడి తన మాట నెగ్గించుకుంటాడు. ఢిల్లీ, నోయిడా కార్యాలయాలలో ఏళ్ల తరబడి ఈ తీరు చూస్తున్న మేము దీనికి వ్యాకరణ లోపం కారణమని ఒప్పుకోలేము. వ్యాకరణం వారికి వచ్చును. పదక్రమమే నోటికి అందదు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'నిన్న రాత్రి మూడో మిల్లు అధిక వైబ్రేషన్ వల్ల ట్రిప్పయింది' అంటాము. కాలం, కారణం సమకూర్చుకున్న పిమ్మటనే క్రియ. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ రావాలి: 'మిల్ త్రీ ట్రిప్డ్ ఆన్ హై వైబ్రేషన్ లాస్ట్ నైట్.' ఆ 'ఆన్' ఏ వ్యాకరణ సూత్రంలోనూ మనకు తటస్థపడదు. అది కంట్రోలు రూములో విని పట్టుకోవలసిన నుడికారం. కాగితం మీద వాక్యాన్ని తిరగవేయడానికి వ్యవధి ఉంటుంది. సమావేశంలో మనం తిరగవేసుకొనేలోగా చర్చ మరో అంశానికి వెళ్లిపోతుంది.

కనుక ఈ క్రమం ముందుగా చెవికి అలవడాలి. ఇందుకు ఢిల్లీ మెట్రోను మించిన పాఠశాల మాకు కనబడలేదు. 2002 డిసెంబరులో షాహదరా, తీస్ హజారీల మధ్య మొదలైన మెట్రో 2009 నవంబరులో నోయిడా చేరింది. దాని ప్రకటనలకు ప్రసిద్ధమైన గళాలు రెండు: హిందీకి శమ్మీ నారంగ్, ఇంగ్లీషుకు రిని సైమన్ ఖన్నా. ఇరువురూ ఒకప్పటి దూరదర్శన్ వార్తాపాఠకులే. 'దర్వాజే బాయీ తరఫ్ ఖులేంగే' అని హిందీలో వినిపిస్తుంది. 'తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి' అనే మన వాక్యానికి అది మాటకు మాట. వెనువెంటనే 'డోర్స్ విల్ ఓపెన్ ఆన్ ద లెఫ్ట్' అని ఇంగ్లీషు. తెరుచుకోవడం ముందుకు జరిగింది, ఎడమ వెనుకకు పోయింది. ఒకే సమాచారం రెండు క్రమాలలో స్టేషను స్టేషనుకూ ఉచితంగా (టికెట్టు ధర మినహా) లభిస్తున్నది. 'మైండ్ ద గ్యాప్' అన్నపుడు మైండ్ అంటే మనస్సు కాదని, చూసుకొని అడుగు వేయమనడమని ప్లాట్‌ఫారం అంచున విన్నవానికి వేరే చెప్పనక్కరలేదు.

వినికిడి ద్వారా భాషాభ్యాసం కొత్తదేమీ కాదు. బీబీసీ 1943లోనే రేడియో ద్వారా ఇంగ్లీషు పాఠాలు ఆరంభించింది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో సుమారు 1,500 మాటల పదజాలంతో, నిదానమైన ఉచ్చారణతో 'స్పెషల్ ఇంగ్లీష్' ప్రసారాలు మొదలుపెట్టింది.

నుడికారాల విషయంలో మన వృత్తి మరికొంత మెలిక పెడుతుంది. లోడ్ డిస్పాచ్ కేంద్రం 'బ్యాక్ డౌన్' అంటే ఉత్పత్తి తగ్గించమని ఆదేశం. బయట అదే మాటకు వాదనలో పట్టు సడలించడమని అర్థం. 'లుక్ ఓవర్ ద డ్రాయింగ్' అంటే డ్రాయింగును ఒకసారి పరిశీలించమనడం. ఆ రెండు మాటలనే తారుమారు చేసి 'ఓవర్‌లుక్' అంటే గమనించక వదలివేయడం! కాంట్రాక్టరుకు రాసే లేఖలో ఈ తారుమారు జరిగితే పరిశీలించామనడానికి బదులు చూడకుండా వదిలేశామని మనమే రాసి ఇచ్చినట్లవుతుంది.

అభ్యాసానికి సినిమాలను మేము సిఫారసు చేయము. వేగం ఎక్కువ, యాస అనుకరించాలనే వ్యామోహం అంతకన్న ఎక్కువ. రెండు నిమిషాల వార్త చాలును. ఒక వాక్యం విని ఆపాలి. అర్థాన్ని తెలుగులో చెప్పుకోకుండా, విన్న వరుసలోనే పైకి పలకాలి. ముఖ్యంగా ప్రశ్న మరో వాక్యంలో ఇమిడే చోట చెవి ఒగ్గాలి. 'వేర్ ఈజ్ ద డ్రాయింగ్' అని అడిగేవారే 'ఐ డోంట్ నో వేర్ ద డ్రాయింగ్ ఈజ్' అంటారు. అక్కడ 'ఈజ్' చివరకు, అచ్చంగా మన క్రియ ఉండే చోటికే, వచ్చి కూర్చుంటుంది. తెలుగువాడికి సులువు కావలసిన ఆ ఒక్క చోటనే చాలామంది ప్రశ్నక్రమాన్ని వదలలేకపోవడం మాకు నేటికీ వింతగానే ఉన్నది.